మా నాయిన కత రాసిన రైటరు

మా నాయిన జీవితం గురించి మొట్టమొదట రాసింది నేను కాదు. ఒక పోలీస్ స్టేషన్ రైటరు రాసినాడు. రెండు పేజీలు. అడుగున మా నాయిన ఎడమచేతి బొటనవేలి ముద్ర.

ఈ సంకలనం కోసం నీ బతుకు గురించి రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ రెండు పేజీలే. దళితుడు ఆత్మకథ రాయడానికి కూర్చుంటే అతని ముందర తెల్లకాగితం వుంటుందని చాలామంది విమర్శకులు అనుకుంటారు. ఇన్నాళ్ళూ మాటలేని వాళ్ళు ఇప్పుడు మాట్లాడుతున్నారని మెచ్చుకుంటారు. మన గురించి ఎవరూ ఏమీ రాయలేదన్నది అబద్ధం. చాలా రాసినారు. ఎఫ్.ఐ.ఆర్.లు, వాంగ్మూలాలు, పంచనామాలు, రౌడీషీట్లు, అనుమానితుల జాబితాలు. వాటిని సాహిత్యం అని ఎవరూ అనరు. కానీ మన వాడల్లో ఎవురు ఇంట్లో పడుకోవాలి, ఎవురు జైల్లో పడుకోవాలి అని తేల్చిన రచనలు అవే. నేను తెలుగు చదువుకొని, తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి. నాకు తెలిసిన పని చదవడం. ఒక కథను విమర్శకుడు ఎట్ల చదువుతాడో అట్ల ఆ రెండు పేజీల్ని ఇక్కడ చదువుతాను.

మాది సత్యవేడు తట్టు. ఇప్పుడు శ్రీ సిటీ అంటేనే జనానికి తెలుస్తుంది. చెరివి, ఇరుగుళం చుట్టుపక్కల పల్లెల భూములు కలిపి 2008లో మొదలైన ఫ్యాక్టరీల ఊరు అది. నా చిన్నప్పుడు చిత్తూరు జిల్లాలో ఒక మూల, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. పొలిమేర దాటితే అరవ దేశం. చెరువు కింద కాస్త వరి, మిగతాదంతా మెట్ట.

1987లో మా ఊరి ఆసామి బోరుకాడ కరెంటు మోటరు పోయింది. నేను ఏడో తరగతి. మా నాయిన అంతకుముందు రెండేండ్లు ఆయన దగ్గిర జీతానికి వున్నాడు. బాకీ తీరకుండానే మానుకున్నాడని ఆసామికి కోపం. అనుమానం ఎవురి మీద అంటే మాలపల్లె మీద. మాలపల్లెలో ఎవురి మీద అంటే మా నాయిన మీద. పొద్దున సంగటి ముందర కూర్చున్న మనిషిని లేపి తీసుకపోయినారు. మూడు రాత్రులు ఇంటికి రాలేదు. మా అమ్మ రోజూ సద్ది కట్టుకొని పోయి స్టేషన్ ఎదురుగా చింతచెట్టు కింద కూర్చునేది. "నీ మొగుడు ఈడ లేడు, పోవే" అనేవాళ్ళు. లోపల్నించి మా నాయిన అరుపు ఆమెకి వినపడేది. నాలుగోరోజు కోర్టులో పెట్టి రిమాండుకి పంపినారు. ఏడాదిన్నర వాయిదాలకి తిరిగినాక, సాక్షులు నిలబడక, కేసు కొట్టేసినారు. మా నాయిన మాత్రం మళ్ళీ కుడిచెయ్యి భుజం పైకి ఎత్తలేదు.

ఆ స్టేషన్ పేరు రాయను. ఇది ఒక స్టేషన్ తప్పు, ఒక ఎస్.ఐ. తప్పు అనుకొని చదివితే ఈ వ్యాసం దండగ.

ముద్దాయికి ఇవ్వాల్సిన కాగితాల నకళ్ళు కోర్టులో మా నాయినకి ఇచ్చినారు. చట్టం అది. మా ఇంట్లో వాటిని చదివే పెద్దవాళ్ళు లేరు. రేకుపెట్టెలో మా అమ్మ పెళ్ళిచీర కింద పడివున్నాయి. 1996 సంక్రాంతి సెలవులకి, తిరుపతిలో ఎమ్మే తెలుగు చదువుతా ఇంటికి వచ్చినప్పుడు, నేను వాటిని బయటికి తీసినాను.

అందులో వున్న కథ ఇది. నాలుగోరోజు తెల్లవారి 6 గంటలకి పోలీసులు బస్టాండు దగ్గిరికి పోతారు. అక్కడ ఒకడు 'అనుమానాస్పదముగా సంచరించుచు' కనపడతాడు. పోలీసుల్ని చూసి పారిపోబోతాడు. వెంబడించి పట్టుకుంటారు. పట్టుకున్న వెంటనే, ఎవురూ ఏమీ అనకముందే, అతనికి పశ్చాత్తాపం కలుగుతుంది. 'నేను చేసిన నేరమును ఒప్పుకొనుచున్నాను, నా వెంట వచ్చినచో మోటరు దాచిన స్థలమును చూపెదను' అంటాడు. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట కాలవ గట్టున తాటిచెట్టు కింద మోటరు దొరుకుతుంది. కథ సమాప్తం. వేలిముద్ర.

విమర్శకుడు మొదట చూసేది కాలం. ఈ కథలో మూడు రాత్రులు లేవు. మా అమ్మ చింతచెట్టు కింద కూర్చున్న మూడు పగళ్ళూ లేవు. చట్టప్రకారం అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందర పెట్టాలి. అది రాజ్యాంగం 22వ అధికరణంలోనే వుంది. కాబట్టి అరెస్టు ఎప్పుడు జరిగిందో రాసేటప్పుడు గడియారం ముల్లును వెనక్కి కాదు, ముందుకు తిప్పుతారు. తర్వాత చూసేది స్థలం. కథంతా బస్టాండులో, కాలవ గట్టున నడుస్తుంది. దెబ్బలు తగిలిన గది అసలు లేదు. తర్వాత చూసేది భాష. మా నాయిన జన్మలో 'చూపెదను' అనలేదు. 'సూపిస్తా సామీ' అని కూడా అన్నాడో లేదో. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాష కోసం పోరాడి గెలిచినాడని సాహిత్య చరిత్రలో చదువుకున్నాం. ఆ గెలుపు పోలీస్ స్టేషన్ గడప దాటి లోపలికి పోలేదు. స్టేషన్ కాగితాల్లో మాలోడు కూడా గ్రాంథికం మాట్లాడతాడు. బళ్ళో మనకు రానియ్యని ఆ భాషని, నేరం ఒప్పుకునేటప్పుడు మాత్రం మన నోట్లో పెడతారు.

ఆ 'చూపెదను' అన్న వాక్యం ఎందుకుందో న్యాయశాస్త్రం చదివిన మిత్రుడు చెప్పినాక తెలిసింది. పోలీసు ముందర ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షను అది. కానీ ముద్దాయి చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, దానికి సంబంధించిన ఆ కాస్త మాట చెల్లుతుందని 27వ సెక్షను. 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య చట్టంలో ఈ రెండూ కలిసి 23వ సెక్షను అయినాయి. అంటే రెండు పేజీల్లో కోర్టుకి పనికొచ్చేది ఆ ఒక్క వాక్యం. అందుకని రైటరు ఆ వాక్యం చుట్టూ కథ అల్లుతాడు. రైటరు చెడ్డవాడని నేననను. అతనికి ముందున్న రైటరు కాగితం చూసి అతను నేర్చుకున్నాడు. పోలీసుకిచ్చిన వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం తీసుకోగూడదని క్రిమినల్ ప్రొసీజర్ కోడు 162వ సెక్షనులో వుంది. అయినా మా నాయిన వేలిముద్ర వుంది.

పోలీసుకి చెప్పింది చెల్లదని తెల్లదొరలు చట్టం ఎందుకు రాసినారు? ఎందుకంటే వాళ్ళకి తెలుసు. 1855లో మద్రాసు ప్రభుత్వం ఒక చిత్రహింసల కమిషన్ రిపోర్టు అచ్చేసింది. మన చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, మద్రాసు రాజధాని కిందిది. శిస్తు వసూలు చేసేదీ, నేరం ఒప్పించేదీ ఆ రోజుల్లో ఒకే బంట్రోతులు. వేళ్ళను రెండు కట్టెల మధ్య పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి కట్టేసి వీపు మీద రాయి పెట్టడం, ఎండలో నిలబెట్టడం — అన్నీ ఆ రిపోర్టులో వున్నాయి. కమిషన్ తప్పంతా కింది నేటివ్ నౌకర్ల మీదికి తోసేసి పైనున్న దొరల్ని కాపాడింది. దాని తర్వాత పోలీసుని రెవెన్యూ నుంచి విడదీసి 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం తెచ్చినారు. 1861లో దేశానికంతా పోలీసు చట్టం వచ్చింది. పోలీసు ముందర ఒప్పుకోలు చెల్లదన్న నియమం మొదట వచ్చింది కూడా ఆ 1861లోనే, క్రిమినల్ ప్రొసీజర్ కోడులో. ఆంధ్ర ప్రాంతానికి ఆ 1859 చట్టమే పేరు మార్చుకొని మన కాలం దాకా వచ్చింది. హింస వుందని ఒప్పుకొని, దాన్ని ఆపకుండా, హింసతో వచ్చిన మాటని మాత్రం కోర్టు గుమ్మం బయట ఆపినారు. స్టేషన్ లోపల ఏం జరిగిందో అడిగే దారి పెట్టలేదు.

ఈ వ్యవస్థలో మనం బయటివాళ్ళం కూడా కాదు. మా తాత వెట్టి. మునసబు పిలిస్తే పోవాలి. పోలీసు వస్తే గుర్రానికి గడ్డి, తర్వాత రోజుల్లో సైకిల్ మోత. ఊళ్ళో ఉరేసుకున్నోళ్ళు, బావిలో పడినోళ్ళు, చెట్టు కింద చచ్చిన బైరాగులు — పోలీసు వచ్చిందాకా శవం కాడ కాపలా మా తాతదే. రెండు రాత్రులు కూడా పట్టేది. ఆ వాసన ఒంటికి పట్టి ఇంట్లోకి రాకుండా చెరువుకి పోయి మునిగొచ్చేవాడని మా అవ్వ చెప్పేది. శవాన్ని కాపాడింది మా తాత, తిప్పి చూపించింది మా తాత, ఆస్పత్రికి మోసింది మా తాత. శవపంచనామా కాగితం మీద సంతకాలు చేసింది మాత్రం నీడలో కూర్చున్న పెద్దమనుషులు. ఇది ఊరి ఆచారం అనుకునేవాణ్ణి. కాదు, చట్టంలోనే అట్ల వుంది. శవాన్ని పరీక్షించేటప్పుడు ఆ చుట్టుపక్కల 'గౌరవనీయులైన' ఇద్దరు నివాసులు వుండాలని కోడు. సోదాలకీ అట్లాంటి సాక్షులే కావాలి. కోడు మారింది, 2024లో పేరు కూడా మారింది, ఆ మాట మారలేదు. గౌరవం ఎవురికుందో తేల్చేది ఎస్.ఐ. మా నాయిన కేసులో ఆ ఇద్దరు గౌరవనీయుల్లో ఒకాయన మోటరు పోయిన ఆసామికి బావమరిది.

మా పక్కనున్న ఎరుకలోళ్ళ సంగతి ఇంకా ఘోరం. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసుకి దిగింది. పుట్టుకతోనే దొంగలని రాసి స్టువర్టుపురం, కప్పరాళ్ళతిప్ప లాంటి సెటిల్మెంట్లలో పెట్టినారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అలవాటు మిగిలింది. మనం ఇప్పటికీ తిట్టుగా వాడే 'కేడీ' అన్న మాట రిజిస్టరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు — నోన్ డెప్రిడేటర్, అంటే పోలీసుకి బాగా తెలిసిన దోపిడీగాడు. పోలీసు రాసిన మాటను మన నోటితోనే ఒకర్నొకరం పిలుచుకుంటున్నాం. రాత బలం అదీ.

ఇంకొకటి దాచుకోగూడదు. మా నాయిన్ని కొట్టిన ఇద్దరిలో ఒకడు మనోడే. పక్క మండలం మాలపల్లె. రిజర్వేషన్లో కానిస్టేబులయినాడు. ఎన్నో ఏండ్ల తర్వాత ఒక పెండ్లిలో మా నాయినకి ఎదురుపడి, "నేను కొట్టకపోతే నన్ను కొట్టేవాళ్ళు అన్నా" అన్నాడు. ఆర్డర్లీగా ఎస్.ఐ. ఇంట్లో అంట్లు తోమింది కూడా ఆయనే. విధులు నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వ ఉద్యోగిని శిక్షించడానికి 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 4వ సెక్షను వుంది. అది ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగికే వర్తిస్తుంది. అంటే పని చేయించినవాణ్ణి పట్టుకోవాల్సిన సెక్షను. కానీ చేయించినవాడి పేరు రెండు పేజీల్లో ఎక్కడా వుండదు. మనోళ్ళు ఖాకీ తొడుక్కుంటే పోలీసు మారతాడని మనం ఆశపడినాం. ఖాకీ లోపల మనిషి మారినాడు, కాగితం మారలేదు.

తెలుగు సాహిత్యం దీన్ని చూసిందా? నాకు తోచింది చెప్తాను. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో పోలీసునీ, కోర్టునీ విప్పి చూపించినాడు. ఆయన విశాఖపట్నంలో ప్లీడరు. దొంగ సాక్ష్యం ఎట్ల తయారవుతుందో ఆయనకి తెలిసినంత మరొకరికి తెలీదు. కానీ ఆయన నిలబడింది కోర్టు హాలులో. లాకప్పు గదిలోంచి వచ్చిన గొంతు కాదది. విప్లవ సాహిత్యం పోలీసు తుపాకీ మీద గొప్ప కవిత్వం రాసింది. అయితే అందులో చచ్చేవాడు వీరుడు. బోరు మోటరు కేసులో మూడు రాత్రులు తన్నులు తిని, "నేను దొంగని కాదు సామీ" అని ఏడ్చి వేలిముద్ర వేసినవాడు ఆ కవిత్వంలో ఇమడలేదు. వాడు వీరుడు కాదు గదా!

ఇంక సినిమా. 1989లో 'అంకుశం' వచ్చింది. మా ఊరి పక్కన టూరింగ్ టాకీసుకి నాయిన నన్ను తీసుకపోయినాడు. పోలీసు హీరో విలన్ని నడివీధిలో ఈడ్చుకుంటా పోతావుంటే టెంటంతా ఈలలు. నేనూ లేచి చప్పట్లు కొట్టినాను. పక్కకి తిరిగి చూస్తే నాయిన లేడు. బయట బీడీ కాలుస్తా కూర్చొని వున్నాడు. "యెందుకు నాయినా వచ్చేసినావు?" అంటే, "వుక్కగా వుండాది లేరా" అన్నాడు. ఆ చప్పట్లు నన్ను ఇప్పటికీ వదల్లేదు. కోర్టు దండగ, లాఠీయే న్యాయం అని తెలుగు సినిమా మనకి నేర్పింది. ఆ లాఠీ దిగేది ఎవురి వీపు మీదో తెలిసినవాళ్ళం కూడా ఈల వేసినాం.

మనకు నిజంగా పనికొచ్చిన పుస్తకం కథ కాదు, కవిత్వం కాదు. బొజ్జా తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే'. ఎమర్జెన్సీలో జైలు చూసొచ్చిన దళిత వకీలు, కవి. కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్న మనిషి. అరెస్టయినవాడికి ఏ హక్కుందో మామూలు తెలుగులో చెప్పినాడు. దాన్ని న్యాయశాస్త్రం బీరువాలో పెట్టేసినారు. నేనైతే దాన్ని సాహిత్య విమర్శ అంటాను. పోలీసు రాసిన కథలో ఎక్కడెక్కడ అబద్ధం దూరుతుందో చూపించే పుస్తకం అది.

ఇంకో పుస్తకం తమిళంలో వచ్చింది. కోయంబత్తూరు ఆటో డ్రైవరు ఎం. చంద్రకుమార్ 2006లో 'లాకప్' రాసినాడు. 1983లో గుంటూరులో కూలిపనికి వచ్చి, తాను చెయ్యని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు పెట్టిన హింసను తనే రాసుకున్నాడు. వెట్రిమారన్ 2015లో దాన్ని 'విసారణై' సినిమాగా తీసినాడు. మా సత్యవేడు తట్టు అరవం ఇంటి మాటే కాబట్టి ఆ సినిమా అక్షరాలు లేకుండానే అర్థమయింది. నాకు సిగ్గేసింది. మన గుంటూరు లాకప్పు గోడల లోపల ఏం జరిగిందో అరవ కూలీ వచ్చి తన భాషలో రాయాల్సి వచ్చింది. 2021లో 'జై భీమ్' వచ్చినప్పుడు మనోళ్ళంతా ఏడ్చినారు, మంచిదే. అందులో కథ నడిపేది వకీలు. 'లాకప్'లో కథ చెప్పేది దెబ్బలు తిన్నవాడే. నాకు రెండోదే ముఖ్యం.

పోలీసు కథకి రెండు చేతిరాతలున్నాయి. మన మీద రాసేటప్పుడు ఒకటి, మన కోసం రాసేటప్పుడు ఒకటి. మన మీద రాసినప్పుడు టైము, చోటు, సాక్షి అన్నీ పకడ్బందీ. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని చంపి కాలవలో, పొలాల్లో పడేసినారు. పోలీసులు వస్తున్నారు, పారిపోండంటే పొలాలకు పరిగెత్తినవాళ్ళే వాళ్ళల్లో ఎక్కువమంది. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి పోరాడాల్సి వచ్చింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చావు సమయం, చోటు, చంపినవాళ్ళ గుర్తింపు ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదని. ఒక్క మోటరుకి ఉదయం 6 గంటలని నిమిషంతో సహా రాయగలిగిన కలం, ఎనిమిది శవాలకి టైము రాయలేకపోయిందంటే ఏమనుకోవాలి?

మా జిల్లాలోనే ఇంకో కథ. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున, తిరుమల కొండల కింద చంద్రగిరి దగ్గిర శేషాచలం అడవిలో, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ 20 మందిని కాల్చిచంపింది. అందరూ తమిళనాడు నుంచి వచ్చినోళ్ళు. కూలికి చెట్లు కొట్టేవాళ్ళని జనం అన్నారు, స్మగ్లర్లని కాగితం అంది. రాళ్ళతో, గొడ్డళ్ళతో దాడి చేసినారనీ, ఆత్మరక్షణ కోసం కాల్చినామనీ పోలీసుల మాట. బతికి బయటపడినవాళ్ళు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందర వేరే చెప్పినారు. ముందురోజే బస్సులోంచి కొందర్ని దించి తీసుకపోయినారని. చదువుతుంటే నాకు మా నాయిన రెండు పేజీలు గుర్తొచ్చినాయి. రెండు కథలూ తెల్లవారుజామునే మొదలవుతాయి. రెంటిలోనూ అంతకుముందు గంటలు కనపడవు. ఏది నిజమో తేల్చాల్సింది విచారణ. ఆ విచారణ మొదలుకావాలంటే చచ్చినవాడి పెండ్లాం వచ్చి ఫిర్యాదు ఇచ్చి, హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. అప్పుడుగాని చంద్రగిరిలో హత్య కేసు నమోదు కాలేదు.

ఎన్‌కౌంటరు చావు ప్రతిదానికీ కేసు పెట్టాలి, ఆత్మరక్షణ అన్నది పోలీసే కోర్టులో రుజువు చేసుకోవాలి అని ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం కేసులో హైకోర్టు అయిదుగురు జడ్జీలు 2009 ఫిబ్రవరి 6న చెప్పినారు. సుప్రీంకోర్టు దానికి స్టే ఇచ్చింది. 2014లో తన 16 సూచనలు ఇచ్చింది. జవాబుదారీ కోసం తీర్పులకి కొదవలేదు. నేను రేకుపెట్టె తెరిచిన 1996లోనే, డిసెంబర్ 18న, డి.కె. బసు తీర్పు వచ్చింది. అరెస్టు చేసిన చోటే టైము, తేదీ వేసి కాగితం రాయాలి, ఇంటివాళ్ళతోనో ఊరివాళ్ళతోనో సంతకం చేయించాలి అని. మా నాయిన మూడు రాత్రుల్ని పట్టుకునే తీర్పు తొమ్మిదేండ్లు ఆలస్యంగా వచ్చింది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో పోలీసుల మీద ఫిర్యాదులకి ప్రత్యేక అథారిటీలు పెట్టమన్నారు. మన రాష్ట్రంలో దానికి ఛైర్మన్ని వేస్తూ జీవో వచ్చేసరికి 2021. ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టమని 2020లో ఆర్డరేసినారు. కెమెరా లాఠీని చూస్తుంది. రైటరు ముందరున్న కాగితాన్ని చూడదు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన నియమం చాలా చిన్నది. నోటితో చెప్పిన ఫిర్యాదుని రాసుకున్నాక, చెప్పినవాడికి చదివి వినిపించాలి. నకలు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. పాత కోడు 154వ సెక్షనులో వుంది, 2024 జూలై 1 నుంచి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173లోనూ వుంది. 2015లో అత్యాచారాల చట్టాన్ని సవరించినప్పుడు, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించడం ఉద్యోగి విధి అని 4వ సెక్షనులో ఎక్కించినారు. వినిపించకపోతే ఆరు నెలల నుంచి ఏడాది జైలు. మనం ఎన్ని ధర్నాలు చేసినాం, ఎన్ని స్టేషన్ల ముందర కూర్చున్నాం! కానీ "అయ్యా, రాసింది చదవండి" అని ఎన్నిసార్లు అడిగినాం? విద్యార్థులు స్టేషన్‌కి తోడు పోయినప్పుడు చెయ్యాల్సిన మొదటి పని ఇది. లాఠీని చూసినాం, లాఠీ గురించి రాసినాం. కలాన్ని చూళ్ళేదు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. మా తమ్ముడి కొడుకు డిప్లొమా చదివినాడు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ కాగితం కావాలన్నారు. ఊళ్ళో వాడితోపాటు అప్లై చేసిన ఇద్దరికి నాలుగు రోజుల్లో వచ్చింది. వీణ్ణి మాత్రం "యా వీధి? కాలనీనా? మీ తాత పేరేం?" అని అడిగినారు. పదిహేను రోజులు తిప్పినారు. చివరికి కాగితం ఇచ్చినారు, ఉద్యోగమూ వచ్చింది. వాడు దాన్ని పట్టించుకోలేదు. "మా తాత పేరెందుకు పెదనాయినా?" అని ఒక్కసారి అడిగినాడు. నేను చెప్పలేదు. అప్పుడే ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

రాయడానికి ముందు ఒక పని మిగిలిపోయింది. 1996లో ఆ పేజీలు చదివినాక నేను మా నాయినకి చెప్పలేదు. సిగ్గో, భయమో. స్టేషన్లో వినిపించలేదు, కోర్టులో వినిపించలేదు, చదువుకున్న కొడుకునై నేనూ వినిపించలేదు. నలభై ఏండ్లకి దగ్గిరపడినాక మొన్న పక్కన కూర్చొని ఒక్కో మాట చదివినాను. మనవడు కూడా విన్నాడు. నాయిన మధ్యలో ఆపలేదు. 'చూపెదను' దగ్గిర మాత్రం నవ్వినాడు. అంతా అయినాక అడిగినాడు:

"తాటిచెట్టు యాడిదిరా? ఆ కాలవ గట్టున వుండింది తుమ్మచెట్లే గదా. తాటిచెట్టు ఒక్కటి కూడా లేదు ఆ పక్క."

ఇప్పుడు పోయి చూద్దామంటే ఆ కాలవ లేదు, గట్టు లేదు. కాంపౌండు గోడ వుంది. గేటు దగ్గిర యూనిఫాంలో మన వాడ పిల్లోడే సెక్యూరిటీ. కానీ ఆ ఊరి ముసలోళ్ళు ఇంకా వున్నారు. అడిగి చూసినాను. తుమ్మచెట్లే అన్నారు. ఒక్క ప్రశ్న. 1987లో ఎవరైనా ఆ కాగితాన్ని మా నాయినకి చదివి వినిపించివుంటే, ఆ ఒక్క మాట ఆ రోజే చెప్పేవాడు.

అందుకని నాయిన చెప్పింది ఇక్కడ రాస్తున్నాను. ఆ పొద్దు నేను బస్టాండులో లేను. స్టేషన్లో వున్నాను, అప్పటికి మూడు రాత్రులు. మోటరు నేను తియ్యలేదు. కాలవ గట్టున తాటిచెట్టు లేదు.

రాసింది ఆయనకి చదివి వినిపించినాను. "సరిగ్గా వుండాది" అన్నాడు.